లాయరు కావలసిన చెల్లెలు

ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల్లో ఎవరు లాయరవుతారన్నది వాళ్ళ నాన్న రంగుల దుకాణంలోనే తేలిపోయింది. గోడకు వేసిన రంగు ఆర్నెల్లకే వెలిసిపోయిందని ఓ పెద్దమనిషి దెబ్బలాటకు వస్తే, అయిదేళ్ళ చిన్నది బల్ల మీదికెక్కి నిలబడి, "మా నాన్న రంగు మంచిదేనండీ. మీ గోడే మంచిది కాదు" అంది. దుకాణంలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. వచ్చినాయన కూడా నవ్వేసి ఇంకో డబ్బా కొనుక్కుని వెళ్ళాడు. ఆ రోజు నుంచీ చిన్నదాని పేరు లాయరమ్మ.

ఆయన పట్టుకెళ్ళిన డబ్బాలో రంగు కలిపింది పెద్దది. దుకాణం వెనక కూర్చుని, ఆయన తెచ్చిన గోడ పెచ్చును వెలుతురుకు పెట్టి చూసి, దానికి సరిపోయేలా చుక్క చుక్కా కలిపి మూత బిగించింది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు, ఆ పిల్లా చెప్పుకోలేదు. పెద్దది అంతే. పిలిస్తే పలుకుతుంది, లేకపోతే బెల్లం కొట్టిన రాయిలా ఉంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల, ఎలా బతుకుతుందో ఏమోనని తల్లి వచ్చినవాళ్ళందరి దగ్గరా బెంగపడేది.

లోకానికో లెక్క ఉంది. గొంతుంటే లాయరు, ఓపికుంటే టీచరు. ఆ లెక్క కట్టిన మహానుభావుడెవరో గానీ కోర్టు గుమ్మం తొక్కినవాడు మాత్రం అయ్యుండడు. తొక్కి ఉంటే అక్కడ అరిచేవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళ అరుపులు విని జడ్జీలు ఎంత హాయిగా కునుకు తీస్తారో చూసి ఉండేవాడు.

సరే, చిన్నదాన్ని లా కాలేజీలో చేర్చారు. నెల తిరక్కుండానే తిరిగొచ్చేసింది. అక్కడ మాట్లాడనివ్వడం లేదనీ, పొద్దస్తమానం చదవమంటున్నారనీ ఆ పిల్ల ఫిర్యాదు. కొన్న పుస్తకాలు ఇంట్లో మిగిలిపోయాయి. తూకానికి అమ్మేసే లోపు పెద్దది వాటిని ఒకటొకటిగా తీసి చదివింది. చదివి, మరుసటి ఏడు తనే వెళ్ళి చేరింది. తండ్రి కాదనలేదు గానీ, బజార్లో ఎవరైనా అడిగితే పెద్దమ్మాయి "ఏదో చదువుతోంది" అనేవాడు. లాయరు చదువంటే వాళ్ళు నవ్వుతారని ఆయన భయం. కాలేజీలో వాదన పోటీలో ఆమె లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటే, పాఠం చెప్పే ఆయన జాలిగా చూసి, గుమస్తా పనైతే నీకు చక్కగా నప్పుతుందమ్మా అన్నాడు. అందరూ మంచివాళ్ళే. అందరూ ఆమె మేలు కోరే అన్నారు. అదే బాధ.

ఆమెను ఆదుకున్నది ఒక ముసలి లాయరు. ఆయనా పెద్ద గొంతున్న మనిషి కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఆయన దగ్గర జూనియరుగా చేరిన మొదట్లోనే ఆమె ఒక సంగతి కనిపెట్టింది. సాక్షిని ప్రశ్న అడుగుతాడు, జవాబు వస్తుంది, ఆ తర్వాత ఆయన ఏమీ అనడు. కాగితాల్లోకి చూస్తూ ఊరికే నిలబడతాడు. ఆ నిశ్శబ్దం భరించలేక సాక్షి ఇంకో మాట అంటాడు. ఆ ఇంకో మాటతోనే చిక్కుకుంటాడు. "జనానికి నిజం దాచడం వచ్చమ్మా, ఊరుకోవడం రాదు" అనేవాడు గురువుగారు. అరిచే కుక్క కరవదన్నది ఊరికే పుట్టిన సామెత కాదని ఆమెకు ఆయన దగ్గరే తెలిసింది.

తర్వాత తన సొంత ఆఫీసు పెట్టుకుంది. కింద జిరాక్సు దుకాణం, పైన ఆమె గది. కింద మిషన్లు తిరుగుతుంటే పైన గ్లాసులో నీళ్ళు వణికేవి. మొదటిసారి వచ్చే కక్షిదారులు ఆమెను చూసి, కుర్చీలో సర్దుకుని కూర్చుని, "లాయరుగారు ఎప్పుడొస్తారమ్మా?" అని అడిగేవారు. నేనే అంటే, ఓహో అని, కాసేపు ఇంటి సంగతులు మాట్లాడి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయేవారు. కొందరు నిజంగానే మళ్ళీ వచ్చేవారు, వేరే లాయరు దగ్గర ఓడిపోయాక. ఒకాయన ఇల్లు ఆమె వల్లే దక్కింది. తాళాలు చేతికొచ్చిన రోజున ఆయన చేతులు జోడించి, "గెలిపించారు మేడం, మీ మేలు మరచిపోను. కాకపోతే ఒక్కసారైనా మీరు బల్ల గుద్దితే చూడ్డానికి బాగుండేది" అన్నాడు. మిగతా లాయర్లు మాత్రం పిటిషన్లు రాయించుకోవడానికి ఆమె మెట్లే ఎక్కేవారు. వాళ్ళు ఆమెకు పెట్టిన పేరు కాగితాల మేడం. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆమెకు ఈ లోకంతో పెద్ద పేచీ ఏమీ లేకపోయింది, చెల్లెలి కేసు వచ్చేదాకా.

చెల్లెలు సోఫాలు, మంచాలు అమ్మే పెద్ద దుకాణంలో పని చేసేది. సోఫా కొనాలనుకోని మనిషి చేత కూడా కొనిపించగలదు. మొగుడు బీమా కంపెనీలో ఉద్యోగి, మాట పొదుపు మనిషి. మొదట్లో ఇద్దరికీ బాగానే కుదిరింది, ఈమె మాట్లాడేది, అతను వినేవాడు. ఎప్పుడో అతను వినడం మానేశాడు. పాప పుట్టిన నాలుగో ఏట వేరుపడ్డారు. పాప తల్లి దగ్గరే ఉంటూ ఒకటో తరగతిలోకి వచ్చింది. అప్పుడు అతను కోర్టుకెళ్ళాడు. తల్లికి కోపమెక్కువ, నిలకడ తక్కువ, బిడ్డను తనకు అప్పగించమని పిటిషన్. అతని తరఫున వచ్చింది ఎవరో కాదు, గురువుగారే.

ఆ నోటీసు తీసుకుని చెల్లెలు అక్క ఆఫీసుకు రాలేదు. నేరుగా ఉరుము దగ్గరికెళ్ళింది. ఆ ఊళ్ళో ఉరుమంటే లాయరే. ఆయన లోపల వాదిస్తుంటే వరండాలో జనం ఆగి వింటారు. విషయం తెలిసి అక్క తల్లి దగ్గరికి వెళ్ళి, ఈ కేసు నేను చూస్తానంది. జీవితంలో ఆమె నోరు తెరిచి అడిగినవి తక్కువ, అందులో ఇదొకటి.

తల్లి మొహమాటపడింది. "నీ తెలివిని కాదనడం లేదే. వంటింట్లోంచి నువ్వు మాట్లాడితే హాల్లో నాకే వినబడదు, అంత ఎత్తున కూర్చున్న జడ్జిగారికేం వినబడుతుంది? ఇది పిల్ల విషయం. ప్రయోగాలు వద్దు" అంది.

చెల్లెలు పక్కనే ఉండి ఇంకాస్త తేలిక చేసేసింది. కాగితాలన్నీ అక్కే రాయాలట, మాట్లాడేవాళ్ళు మాత్రం వేరే ఉండాలట. అక్క ఇంకో మాట అనలేదు. మౌనం అర్ధాంగీకారమని తీసుకుని వాళ్ళిద్దరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆమె మౌనంలో అంగీకారం పిసరంతైనా లేదు. కానీ అది చెప్పాలంటే మళ్ళీ మాట్లాడాలి. అలా జవాబు పిటిషన్ అంతా ఆమె రాసింది, కింద ఉరుము సంతకం పెట్టాడు. వకాలత్ మీద ఆమె పేరు లేదు. కోర్టు దృష్టిలో ఆమె సాక్షి అక్కగారు, అంతకు మించి ఎవరూ కాదు.

ఆ పిటిషన్ రాస్తున్నప్పుడే ఆమెకు ఒక రోజు సంగతి గుచ్చుకుంది. పాపకు జ్వరం వచ్చిన రోజది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని మాటిచ్చిన తండ్రి రాలేదు, ఫోను ఎత్తలేదు. చెల్లెలికి ఒళ్ళు మండింది. నిద్రపోతున్న పిల్లను ఉంచి తలుపు తాళం వేసి, తాళంచెవి పక్కింటి పిన్నికిచ్చి, చూస్తూ ఉండమని చెప్పి అతని ఆఫీసుకు పరుగెత్తింది. అక్కడ అందరి ముందూ దులిపేసింది. పక్కింటి పిన్ని అప్పుడే తలుపు తీసి పాప పక్కన కూర్చుంది, నుదుటి మీద తడిబట్ట వేసింది, తల్లి వచ్చేదాకా కదల్లేదు. ఆ పిన్ని ఉన్నంతవరకూ అది కోపిష్టి పని, అంతే. పిన్నిని తీసేస్తే అది వేరే సంగతి. అవతలివాళ్ళు తమ పిటిషన్లో ఆ రోజు మాట ఎత్తలేదు గనక జవాబులో ఆమే ఎత్తలేదు.

అక్క ఈ సంగతి ఉరుముకు చెప్పబోయింది. ఆయన ఫోను మాట్లాడుతూ చెయ్యి ఊపి, అంతా నేను చూసుకుంటానమ్మా అన్నాడు. ఫైలుకు కట్టిన తాడు ఆమె వేసిన ముడితోనే ఉంది. విప్పించే ఓపిక ఎవరికీ లేదు, విప్పే తీరిక ఆయనకు లేదు. తల్లి బిడ్డ కోసం గుండెలవిసేలా మాట్లాడాలి, ఆ ఆవేశం జడ్జిగారికి కనబడాలి, అదొక్కటే ఆయన చెల్లెలికి చేసిన ఉపదేశం. ఇలాంటి సలహా ఆ పిల్లకు ఇవ్వడమంటే మండే పొయ్యిలో కిరసనాయిలు పొయ్యడమే.

సాక్ష్యం రోజున వరండాలో అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"నా మాట విను. గురువుగారు అడిగిందానికి అవునో కాదో చెప్పు. చెప్పాక ఆయన కాగితాలు చూసుకుంటూ నిలబడతాడు. అప్పుడు నువ్వు నోరు విప్పకు. జ్వరం రోజు మాట వస్తే, అన్నిటికంటే ముందు పక్కింటి పిన్ని పేరు చెప్పు."

"నన్ను ఊరుకోమంటున్నావా?" అని చెల్లెలు నవ్వింది. "పుట్టినప్పటి నుంచీ ఊరుకోలేదు, ఇవాళ ఊరుకుంటానా? నువ్వు భయపడకక్కా."

పిల్లల కేసులు తలుపులు మూసి విచారిస్తారు. అక్కను వెనక బెంచీ మీద కూర్చోనిచ్చారు. మొదట్లో అంతా బాగానే జరిగింది. గురువుగారు పాప బడి గురించి, తిండి గురించి, స్నేహితుల గురించి అడిగాడు. చెల్లెలు గలగలా చెప్పింది. పాపకు చీకటంటే భయమని, పడుకునే ముందు మంచం కింద తను వంగి చూసి ఎవరూ లేరని చెప్పాలని చెబుతుంటే జడ్జిగారు కలం ఆపి విన్నాడు. అక్కకు ఆశ కలిగింది. నిజంగానే ఆ నోటికో అందం ఉంది, ఎవరు కాదంటారు?

అప్పుడు గురువుగారు మామూలుగా, ఏదో గుర్తొచ్చినట్టు, "పాపను ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళిన సందర్భం ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగాడు.

"లేదు" అంది చెల్లెలు.

గురువుగారు తలూపి చేతిలో కాగితంలోకి చూస్తూ ఉండిపోయాడు. వెనక బెంచీ నుంచి అక్కకు ఆ కాగితం కనబడుతోంది. దాని మీద ఏమీ లేదు. తెల్ల కాగితం. పైన పంకా తిరుగుతోంది, బెంచీ గుమస్తా టైపు ఆపి చూస్తున్నాడు. ఊరుకోవే, ఊరుకోవే తల్లీ అని అక్క లోలోపల అనుకుంటూనే ఉంది.

"మీ దగ్గర ఏం రాసుందో నాకు తెలుసు సార్" అంది చెల్లెలు. "జ్వరం రోజు గురించేగా? ఆయన చెప్పే ఉంటాడు. వస్తానని రాలేదు, ఫోనెత్తలేదు, నన్నేం చెయ్యమంటారు? తాళం వేసి వెళ్ళాను. అవును, వెళ్ళాను. వెళ్ళి ఆయన ఆఫీసులో అందరి ముందూ కడిగేశాను. కాపలా మనిషి వచ్చి పొమ్మన్నా కదల్లేదు. ఆయనతో తేల్చుకునేదాకా ఇంటికెళ్ళనన్నాను. నేను మాట పడే మనిషిని కాదు సార్."

గురువుగారు మరేమీ అడగలేదు. అదొక్క ప్రశ్న చాలని కూర్చున్నాడు. టైపు చేసే చప్పుడు మళ్ళీ మొదలైంది. తాళం వేసి వెళ్ళడం, తేల్చుకునేదాకా ఇంటికెళ్ళననడం, అన్నీ కాగితం మీద పడ్డాయి. పిన్ని మాట ఎక్కడా లేదు. మొగుణ్ణి తిట్టే ఊపులో ఆ పిల్లకు పిన్ని గుర్తే రాలేదు.

అయినా ఇంకా దారుంది. అవతలి లాయరు అడగడం అయ్యాక తన సాక్షిని తన లాయరు మళ్ళీ అడగొచ్చు. తాళంచెవి ఎవరికిచ్చావమ్మా అన్న ఒక్క ప్రశ్న చాలు. అక్క చీటీ ముక్క మీద అదే రాసి ముందుకు పంపింది. ఉరుము చీటీ అందుకుని, చూడకుండానే బల్ల మీద పెట్టి లేచాడు. తల్లి కోపంలోనూ ప్రేమే ఉంటుందనీ, ఆ కోపాన్ని తప్పు పడితే ఈ లోకంలో తల్లులే మిగలరనీ గర్జించాడు. ప్రశ్న మాత్రం అడగలేదు. ఇంకేమైనా ఉందా అని జడ్జిగారు అడిగితే, ఇంతకంటే ఏం కావాలన్నట్టు చేతులు చాచి కూర్చున్నాడు.

అక్క లేచి నిలబడింది. లేచినట్టు తనకే తెలియలేదు. "అయ్యా, ఒక్క ప్రశ్న" అంది.

జడ్జిగారు ఆమెను ఎరిగున్నవాడే. అందుకే మెత్తగానే అడిగాడు. "మీరు ఈ కేసులో ఉన్నారా మేడం?"

"లేనండి. సాక్షి అక్కని."

"అయితే కూర్చోండి."

ఆమె కూర్చుంది. రూలు అదే. ఇరవై ఏళ్ళుగా ఇంకొకరు ఆ రూలు తప్పితే మొదట మొహం చిట్లించేది ఆమే. కానీ ఆమె స్థానంలో ఉరుములాంటి మనిషి ఉండి ఉంటే, కూర్చోమన్నా కూర్చోకుండా ఆ ఒక్క ముక్కా అరిచేసి, చీవాట్లు తిని బయటికి పోయేవాడు. తాళంచెవి మాట జడ్జిగారి చెవిన పడి ఉండేది. ఆమెకు ఆ సంగతి బెంచీ మీద కూర్చున్న క్షణంలోనే తెలిసింది.

బయటికొచ్చాక వరండాలో అందరూ చెల్లెలి చుట్టూ చేరారు. భలే చెప్పావమ్మా అన్నాడు ఉరుము. తల్లి కళ్ళు తుడుచుకుంటూ, మా చిన్నది లాయరు కావలసిన పిల్లండీ అంది. చెల్లెలి మొహం వెలిగిపోతోంది. మెట్ల దగ్గర గురువుగారు ఒంటరిగా నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. అక్క దగ్గరికెళితే ఆయన తలెత్తలేదు.

"పిటిషన్ చూడగానే నీ రాతని తెలిసింది. సాక్షి వెనక నువ్వుంటావనుకుని వచ్చానమ్మా" అన్నాడు. "నువ్వుంటే నా ప్రశ్న దండగయ్యేది."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఆయన తన పని చేశాడు, అదీ తనకు నేర్పిన పనే. ఉరుము దగ్గరికి తిరిగొచ్చి, పక్కింటి పిన్నిని సాక్షిగా పిలిపించమని, దానికి కావలసిన కాగితం సాయంత్రానికల్లా తానే రాసిస్తానని బతిమాలింది. గెలిచిన కేసులో కొత్త సాక్షిని తెస్తే అనుమానం వస్తుందని ఆయన తీసిపారేశాడు. జడ్జిగారు కరిగిపోవడం నువ్వు చూళ్ళేదా అని ఎదురడిగాడు. అక్క తల్లితో చెప్పింది, చెల్లెలితో చెప్పింది. నీకెప్పుడూ భయమేనన్నారు. ఆ తర్వాత వాయిదాలోనే వాదనలు ముగిశాయి.

తీర్పు రోజున ఉరుముకు వేరే ఊళ్ళో కేసుందట, రాలేదు. కాగితాలు అక్క చేతికే ఇచ్చారు. ఆమె నిలబడే చదివింది. తల్లికి పాప మీద ప్రేమ లేదని ఎవరూ అనలేదు. జ్వరంతో ఉన్న బిడ్డను తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళినట్టు ఆమే ఒప్పుకుందని, అది చాలునని ఉంది. పాప తండ్రి దగ్గర పెరుగుతుంది. తల్లి వారానికొక పూట చూడొచ్చు.

పై కోర్టుకు వెళ్ళొచ్చు, వెళతారు కూడా. కానీ పై కోర్టువాళ్ళు ముందు చూసేది బోనులో ఆ రోజు పడిన మాటల్నే. ఈలోగా పాప రెండో తరగతి కొత్త బళ్ళో చదువుతుంది, అలవాటు పడుతుంది, అలవాటు పడిన పిల్లను కదపకూడదని వాళ్ళంటారు. ఇవన్నీ అక్కకు తెలుసు. వాటిలో ఏదీ చెల్లెలికి చెప్పలేదు. తీర్పు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది.

చెల్లెలు విని ఏమీ అనలేదు. తిట్టలేదు, ఏడవలేదు. వరండా బల్ల మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే ఉండిపోయింది. వచ్చేపోయేవాళ్ళు చూసుకుంటూ వెళుతున్నారు. అది అంతసేపు మాట్లాడకుండా ఉండటం అక్క ఎప్పుడూ చూడలేదు. భయమేసి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. పాప బడి వదిలే వేళవుతోంది. వెళ్ళి తీసుకురావాలి, తీసుకొచ్చి బట్టలు సర్దాలి.

చాలాసేపటికి చెల్లెలు అడిగింది, అక్కకు కూడా సరిగ్గా వినబడనంత చిన్న గొంతుతో.

"ఆ రోజు నువ్వు లేచావు కదక్కా. లేచినదానివి మళ్ళీ ఎందుకు కూర్చున్నావు?"

"జడ్జిగారు కూర్చోమన్నారే" అంది అక్క.